ధన్వంతరి కైంకర్యపరుడు: వైద్యరత్న పి. యస్. వారియర్

క్షీరసాగరమును మథించునపుడు మొదట హాలాహలము పుట్టెను. పిమ్మట కామధేనువు, శ్రీమహాలక్ష్మి మొదలగువారు క్రమముగా ఆవిర్భవించిరి. చివరకు అమృతకలశమును చేతధరించి ధన్వంతరి భగవానుడు వెలువడెను. శ్రీమద్భాగవతము ఆయనను శ్రీమహావిష్ణువు అంశమున అవతరించినవానిగాను, ఆయుర్వేదమును లోకమునకు చూపినవానిగాను కీర్తించుచున్నది. కావుననే వైష్ణవులు వైద్యమును భగవంతుని కరుణ లోకమునకు ప్రవహించు మార్గములలో నొకటిగా భావింతురు.

ఆ కథయందే మనము గమనింపవలసిన మరియొక అంశము కలదు. కలశము వెలువడినంతనే అసురులు దానిని లాగుకొని, తమకే దక్కవలెనని తమలో తాము కలహించిరి. అమృతము పుట్టుట యొక యెత్తు, అది అందవలసినవారికి అందుట మరియొక యెత్తు. ఈ రెండవ కార్యమునకై శ్రీహరి మోహినీరూపమున మరల రావలసివచ్చెను. ఔషధవిద్య చరిత్రయందును ఈ చిక్కే పలుమారులు కానవచ్చును. మహౌషధములు తాటియాకు గ్రంథములందు భద్రముగా నుండును. గుడిసెలో మంచముపట్టిన రోగి చేతికి మాత్రము అవి చేరవు. కేరళదేశమున ఈ చిక్కును విప్పుటకై జీవితమును ధారపోసిన మహనీయుడు పన్నియింపళ్ళి శంకున్ని వారియర్. పి. యస్. వారియర్ అను పేర ఆయన ప్రసిద్ధుడు. ఆ పుణ్యపురుషుని చరిత్రమును సంగ్రహముగా స్మరించుకొందము.

ఓషధుల పరంపర

మన దేశమున ఓషధులను గూర్చిన జ్ఞానము అతి ప్రాచీనమైనది. కాయచికిత్సకు చరకసంహిత, శస్త్రచికిత్సకు సుశ్రుతసంహిత ప్రమాణములైనవి. ఆ రెంటి సారమును గ్రహించి వాగ్భటుడు అష్టాంగహృదయమును రచించెను. ఆంధ్రదేశమున బసవరాజీయము వైద్యులకు కరదీపికయైనట్లే, కేరళమున అష్టాంగహృదయము వైద్యులకు నిత్యపారాయణ గ్రంథమైనది. అష్టవైద్యులను పేర ప్రసిద్ధి గాంచిన కొన్ని నంబూద్రి కుటుంబములవారు ఆ గ్రంథమును కంఠస్థము చేసి, తరతరములుగా చికిత్స సాగించిరి.

ఈ జ్ఞానము వైద్యుల యిండ్లకే పరిమితము కాలేదు. ఆలయమున మనము స్వీకరించు తీర్థమునందు తులసి, పచ్చకర్పూరము, ఏలకులు కలియుచున్నవి. శొంఠి, పిప్పలి, మిరియములు చేరి త్రికటుకమని, కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ చేరి త్రిఫలమని మన పెద్దలకు తెలియనిది కాదు. మారేడు, గుమ్ముడు, ముయ్యాకుపొన్న, కోలపొన్న, వాకుడు, పల్లేరు మొదలగు పది మూలికల వేళ్ళు దశమూలమని పేరొందినవి. వాతవ్యాధులకు, శ్వాసకాసలకు చేయు యోగములందు దశమూలమునకు ప్రత్యేకస్థానము కలదు.

కేరళమున భక్తియు, వైద్యమును ఎంతగా పెనవేసికొని యున్నవో గురువాయూరు క్షేత్రమే సాక్షి. వాతరోగపీడితుడైన మేల్పత్తూరు నారాయణభట్టతిరి ఆ స్వామి సన్నిధిని నిలిచి, వేయికి మించిన శ్లోకములతో భాగవతసారమును నారాయణీయముగా రచించి, 1586లో దానిని ముగించి ఆరోగ్యమును పొందెనని భక్తుల విశ్వాసము. నేటికిని వాతరోగులు ఆ స్వామిని ఆశ్రయించుచున్నారు. గురువాయూరునకు ఉత్తరమున, నేటి మలప్పురం జిల్లాలో, కోట్టక్కల్ అను ఊరు కలదు. మన కథానాయకుని జన్మస్థలమదియే.

జననము, విద్యాభ్యాసము

వారియర్ గారు 1869వ సంవత్సరము మార్చి 16వ తేదీన జన్మించిరి. నాడు కోట్టక్కల్ మద్రాసు రాజధానిలోని మలబారు జిల్లాకు చెందియుండెను. కేరళమున వారియర్లు ఆలయసేవకులు. దేవునికి పూలమాలలు కట్టుట, అర్చనాదులకు వలయు సంభారములను సిద్ధము చేయుట వారి కులవృత్తి. పూవును నలుగకుండ తీసి, వాడకముందే మాలగ్రుచ్చి, వేళకు స్వామికి అందించుటయే ఆ సేవలోని మెలకువ. ఏ మూలికను ఏ ఋతువున తీయవలెనో, ఎంతకాలము నిలువచేయవచ్చునో, ఎట్లు శుద్ధిచేయవలెనో తెలిసిన వైద్యునకును అట్టి మెలకువయే కావలెను. దైవసేవకు పుట్టిన ఆ వంశమునుండి లోకసేవకు ఒక వైద్యుడు రావడము విశేషమే.

బాల్యమున సంస్కృతమును అభ్యసించిన పిదప, ఆయన వైద్యవిద్యకై అష్టవైద్య కుటుంబములలో నొకటియగు కుట్టంచేరి వాసుదేవ మూస్ గారిని ఆశ్రయించిరి. అది గురుకులవాసము. గ్రంథమును వల్లించుటతో విద్య ముగియదు. గురువు వెంట రోగుల కడకు పోవలెను. నాడి చూచుట, మూలికలను గుర్తించుట, తైలము పాకమునకు వచ్చిన క్షణమును వాసనచేతను, స్పర్శచేతను కనిపెట్టుట నేర్వవలెను. శంకున్ని వారియర్ గారు ఈ విధముగా కొన్ని సంవత్సరములు శ్రద్ధతో శుశ్రూషచేసి, వైద్యులై స్వగ్రామమునకు మరలివచ్చిరి.

కంటిజబ్బు చూపిన దారి

కొంతకాలమునకు వారికి కంటిజబ్బు కలిగెను. దాని చికిత్సకై మంజేరిలోని ప్రభుత్వాసుపత్రికి వెళ్ళిరి. అచటి వైద్యుడు డాక్టరు వర్గీసు గారు పాశ్చాత్యవైద్యమున నిపుణులు. రోగిగా వచ్చిన ఈ యువవైద్యుడు ఆ ఆసుపత్రిలోని పద్ధతులను శ్రద్ధగా గమనించెను. అచట మందులు సిద్ధముగా సీసాలలో నుండెను. ఎవరికి ఎంత ఇయ్యవలెనో కొలత యుండెను. శరీరమునందలి అవయవముల స్థితిగతులు ప్రత్యక్షముగా పరిశీలింపబడి గ్రంథస్థములై యుండెను.

తన విద్య ప్రాచీనమని, శాస్త్రసమ్మతమని గర్వించి, పరుల విద్యను తేలికగా చూచుట ఆ స్థితిలో ఎవరికైనను సులభమే. వారియర్ గారు అట్లు చేయలేదు. డాక్టరు గారి వద్ద సుమారు మూడేండ్లు పాశ్చాత్యవైద్యమును అభ్యసించిరి. ఒకనాడు గురుకులమున మూస్ గారి ముందు ఎంత వినయముతో కూర్చుండిరో, అంతే వినయముతో ఈ గురువు ముందును నిలిచిరి. ఆ విద్యను నేర్చియు ఆయుర్వేదమును విడువలేదు. పైపెచ్చు, ఆయుర్వేదమునకు ఏమి కొరవడినదో అప్పుడే వారికి స్పష్టమైనది. కొరత మందుల గుణమునందు లేదు, అవి రోగికి చేరు విధమునందు కలదు.

కషాయము కథ

నాటి వైద్యుని యింటికి రోగి పోయినచో, వైద్యుడు పరీక్షించి యోగమును వ్రాసియిచ్చును. మందు చేయవలసిన భారము రోగి యింటివారిదే. వారు అడవికో, అంగడికో పోయి మూలికలను తేవలెను; కడిగి, తరిగి, దంచవలెను. శార్ఙ్గధరసంహిత చెప్పిన ప్రకారము ఒక పలము మందుదినుసునకు పదునారు రెట్లు నీరుపోసి, మెల్లని మంటపై ఎనిమిదవ వంతు మిగులునట్లు కాచవలెను. ఇట్లు చేసిన కషాయము ఒక దినమునకు మించి నిలువదు. మరునాడు మరల అదియే పని. నలువది దినములు మందు పుచ్చుకొనవలసిన రోగి యింట నలువది దినములును ఈ శ్రమ తప్పదు.

నాలుగిండ్ల స్త్రీలు కలసిమెలసి పనిచేసికొను ఉమ్మడి కుటుంబములలో ఇది సాగినది. పట్టణములకు పోయి ఉద్యోగములు చేసికొనువారికి, కూలినాలి చేసికొనువారికి ఇది అసాధ్యమైనది. మూలికల గుర్తింపులోను పొరపాట్లు జరుగుచుండెను. ఒకదానికి మారుగా మరియొకటి పడినచో యోగము చెడును. ఫలితము లేనప్పుడు జనులు శాస్త్రమునే తప్పుపట్టుదురు. తక్కిన రూపములలో మందునకు కొంత నిలువ కలదు. చూర్ణము రెండుమాసములకు పిమ్మట శక్తితగ్గునని, గుటికలు, లేహ్యములు ఏడాదివరకు పనిచేయునని, ఆసవారిష్టములు పాతబడినకొలది గుణవంతములగునని శార్ఙ్గధరుడు చెప్పెను. అన్నిటికంటె తరచుగా వాడబడు కషాయమే నిలువలేనిది. కాగా ఆయుర్వేదము మెల్లగా తీరికయు, పనివారును కల సంపన్నుల వైద్యమైపోవుచుండెను.

1902వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన వారియర్ గారు కోట్టక్కల్‌లో ఆర్యవైద్యశాలను స్థాపించిరి. అప్పటికి వారి వయస్సు ముప్పదిమూడేండ్లు. శాస్త్రోక్తముగా మందులను ఒకచోట పెద్దయెత్తున తయారుచేసి, సిద్ధరూపమున రోగులకు అందించుటయే దాని ఉద్దేశము. కషాయములను చిక్కబరచి, చెడకుండ సీసాలలో నిలువయుండునట్లు చేయుట వారి కృషిలో ముఖ్యమైన అంశము. ఇకపై రోగి సీసాలోని మందును కొలత ప్రకారము నీటితో కలిపి పుచ్చుకొనిన చాలును. ధాన్వంతరతైలము, క్షీరబలాతైలము, అరిష్టములు, లేహ్యములు, గుటికలు దూరప్రాంతములకు సయితము పోసాగెను.

ఇది చిన్న మార్పుగా తోచవచ్చును. వైద్యుడు స్వయముగా చూచి చేయించిన మందునకే నాడు గౌరవము. మందును అంగడిలో అమ్ముట విద్యను అమ్ముటతో సమానమను భావము పెద్దలలో ఉండెడిది. వారియర్ గారి దృష్టి వేరు. మూలిక ఏదో తెలిసి, పాకము తప్పక చేసిన మందు వందమైళ్ళ దూరముననున్న పేదవానికి చేరినచో శాస్త్రమునకు అంతకంటె గౌరవము లేదని వారి కార్యమే చాటినది.

విద్యాదానము

మందును పంచుటతోపాటు విద్యను పంచుటకును వారు పూనుకొనిరి. 1902లోనే ఆర్యవైద్యసమాజమును స్థాపించి కేరళమునందలి వైద్యులను ఒకచోట చేర్చిరి. మరుసటి సంవత్సరము ధన్వంతరి అను మలయాళ మాసపత్రికను ప్రారంభించిరి. అది రెండు దశాబ్దములకు పైగా నడచినది. ఇంటి గుట్టుగా దాచుకొనెడి యోగములు, చికిత్సానుభవములు అందు ప్రకటింపబడి పదిమందికి తెలిసినవి. తాము చేయు మందుల వివరములను, ఏ రోగమున ఏది వాడవలెనో ఆ విధమును తెలుపుచు చికిత్సాసంగ్రహమను గ్రంథమును కూడ రచించిరి. మన పల్లెలందును తెలిసిన మూలికను చెప్పిన దాని శక్తి పోవునను నమ్మకము కొందరిలో నుండెడిది. అట్లు దాచిన విద్యలు దాచినవారితోనే కాటికి పోయినవి. వారియర్ గారు చెప్పిన విద్య నేటికిని జీవించియున్నది.

1917లో కోళిక్కోడు నగరమున ఆర్యవైద్యపాఠశాలను స్థాపించిరి. 1924లో అది కోట్టక్కల్‌కు తరలివచ్చెను. అచట విద్యార్థులు అష్టాంగహృదయాది గ్రంథములతోపాటు ఆధునిక శారీరశాస్త్రమును గూడ నేర్చుచుండిరి. అందుకు అనువైన సంస్కృత గ్రంథము లేకపోగా, వారియర్ గారే అష్టాంగశారీరమను గ్రంథమును సంస్కృతమున రచించి 1925లో ప్రకటించిరి. ఎముకలు, కండరములు, నాడులు, రక్తనాళములు మొదలగువానిని గూర్చి ఆధునికులు కనుగొనిన విషయములను ప్రాచీన పరిభాషలో అందు పొందుపరచిరి. సుశ్రుతాచార్యుడు శవమును పరిశీలించి శారీరమును తెలిసికొమ్మని శిష్యులకు విధించియుండెను. కాలక్రమమున ఆ పద్ధతి మరుగుపడినది. కావున క్రొత్త జ్ఞానమును చేర్చుట పూర్వాచార్యుల మార్గమును మరల పట్టుటయే గాని దానిని తప్పుట కాదు. ఆ తరువాత బృహచ్ఛారీరమను మరింత విస్తృతమైన గ్రంథమును గూడ వారు చేపట్టిరి.

ఆ దినములలో దేశమంతటను ఇట్టి మేలుకొలుపు కలుగుచుండెను. మద్రాసులో తెలుగువారైన పండిత దీవి గోపాలాచార్యులు గారు ఆయుర్వేదవిద్య పునరుద్ధరణకు పాటుపడిరి. 1921లో మద్రాసు ప్రభుత్వము దేశీయవైద్యములను విచారించుటకై ఉస్మాను గారి అధ్యక్షతన ఒక సంఘమును నియమించెను. దాని ఫలితముగా 1925లో మద్రాసున దేశీయవైద్య పాఠశాల వెలసెను. ప్రభుత్వము మేల్కొనుటకు చాలముందే, ఒక పల్లెటూరి వైద్యుడు తన ఒక్కని సంకల్పబలముచే అట్టి కార్యమును నడపియుండెను.

విశ్వంభరుని సన్నిధి

వారియర్ గారి గృహమునకు కైలాసమందిరమని పేరు. దాని సమీపమున విశ్వంభరాలయము కలదు. విశ్వమును భరించువాడు విశ్వంభరుడు. ఆ శ్రీమహావిష్ణువే అచట ధన్వంతరి భావమున కొలువబడుచున్నాడు. ఆర్యవైద్యశాల కార్యములన్నియు ఆ స్వామి నీడయందే సాగినవి.

ఇంతటి దైవభక్తుడగు వారియర్ గారికి మతభేదము లేకుండెను. కైలాసమందిరముపై హిందూ, క్రైస్తవ, మహమ్మదీయ మతముల చిహ్నములను మూటిని నిలిపిరి. 1921లో మలబారున తిరుగుబాటు చెలరేగి, ఇరుగుపొరుగువారు ఒకరినొకరు అనుమానించు దుర్దినములు వచ్చినవి. ఆ కాలమున కూడ వారియర్ గారి యిల్లు ఆశ్రయము కోరివచ్చినవారికి అన్నముపెట్టినది. జ్వరమునకు మతము లేదు, మూలికకును మతము లేదు. విశ్వమంతటిని భరించువాని సేవకుడు కొందరినే ఆదరించుట ఎట్లు పొసగును?

1924లో వారు ధర్మాసుపత్రిని స్థాపించిరి. అచట పేదలకు ఉచితముగా చికిత్స జరుగుచుండెను. ఆయుర్వేదముతోపాటు పాశ్చాత్యవైద్యమును ఆ ధర్మసంస్థలో చోటుచేసికొనినది. మంజేరి ఆసుపత్రిలో గడచిన మూడేండ్ల ఫలము ఈ విధమున పేదలకు దక్కినది.

వారియర్ గారు సంగీతసాహిత్యములయందును రసికులు. 1909లో పరమశివవిలాస నాటకసంఘమును నెలకొల్పి, స్వయముగా నాటకములు రచించిరి. 1939లో అది కథకళి సంఘముగా మారి, పి. యస్. వి. నాట్యసంఘమను పేర నేటికిని ప్రసిద్ధిలో నున్నది. విశ్వంభరాలయ ఉత్సవములందు ఆ కళాకారులు స్వామి సన్నిధిని ప్రదర్శనలిచ్చుచుందురు.

ధర్మకర్తృత్వము

1933లో బ్రిటిషు ప్రభుత్వము వారిని వైద్యరత్న బిరుదముతో గౌరవించెను. అప్పటికి ఆర్యవైద్యశాల మంచి రాబడి కల సంస్థయై యుండెను. వారి జీవితమునకు అసలైన పరీక్ష ఇచటనే వచ్చినదని చెప్పవచ్చును. సంపద లేనప్పుడు త్యాగమును బోధించుట తేలిక. కష్టించి కూడబెట్టిన సంపద తన పేరనే యుండగా, దానిని తనది కాదనుకొనుట దుష్కరము.

1939లో వారియర్ గారు మరణశాసనమును వ్రాసిరి. ఆర్యవైద్యశాలను ఏ ఒక్కరికిని సొంతము కాని ధర్మనిధిగా మార్చి, ధర్మకర్తల సంఘమునకు అప్పగించిరి. వచ్చిన ఆదాయమున కొంతభాగము సంస్థ అభివృద్ధికి, కొంత ధర్మాసుపత్రికి, వైద్యవిద్యకు, కొంత కుటుంబపోషణకు వినియోగింపవలెనని ఏర్పాటుచేసిరి. తన వారిని విస్మరింపలేదు. వారినే సర్వస్వమనుకొననూ లేదు. ఆలయమున నగలు, భూములు స్వామివి. వానిని కాపాడువాడు ధర్మకర్త మాత్రమే. ఆలయసేవకుల వంశమున పుట్టిన వారియర్ గారు ఆ న్యాయమునే తన వైద్యశాలకును వర్తింపజేసిరి. మోహిని చేతిలోని కలశమువలె, అది ఒకరి వశము కాకుండ పంపకమునకే నిలువవలెనని వారి యభిమతము.

1944వ సంవత్సరము జనవరి 30వ తేదీన, తమ 75వ ఏట, వారియర్ గారు పరమపదించిరి.

పిమ్మట వారి మేనల్లుడు పి. మాధవ వారియర్ గారు సంస్థను నడపిరి. 1953లో వారు విమానప్రమాదమున మరణింపగా, ఆ భారము వారి తమ్ముడు పి. కె. వారియర్ గారిపై పడినది. ఆయన సుమారు ఏడు దశాబ్దములు దానిని దీక్షతో నిర్వహించి, శతవర్షములు నిండిన పిమ్మట 2021లో దివంగతులైరి. నవరధాన్యమును పాలతోను, బలాకషాయముతోను వండి మూటలుకట్టి ఒడలికి పట్టించుట, గోరువెచ్చని తైలమును శరీరముపై ధారగా పోయుట మొదలగు కేరళీయ చికిత్సలకై నేడు దేశవిదేశములనుండి రోగులు కోట్టక్కల్‌కు వచ్చుచున్నారు. పేదలకొరకు ధర్మాసుపత్రియు నడచుచునే యున్నది. నాటి పాఠశాల నేడు వారి పేర ఆయుర్వేద కళాశాలయై వెలయుచున్నది.

మనము గ్రహింపవలసినది

మన యిండ్లలో పెరటి తులసి, వంటింటి శొంఠి, మిరియములు, ఉసిరిక ఇప్పటికిని కలవు. చిన్నపాటి జలుబునకు, అజీర్తికి పెద్దలు చెప్పిన కషాయము మేలు చేయుచునే యున్నది. అయితే మూలికయని చెప్పి ఎవరేది యిచ్చినను పుచ్చుకొనుట, తీవ్రవ్యాధిలో వైద్యుడిచ్చిన మందును మధ్యలో మానివేయుట శాస్త్రమార్గము కాదు. యుక్తిలేక వాడిన ఔషధము విషతుల్యమగునని చరకాచార్యుడే హెచ్చరించియున్నాడు. తన కంటికి జబ్బుచేసినపుడు వారియర్ గారు తగిన వైద్యుని వెదకికొని ఆసుపత్రికి పోయిరి. గొప్ప ఆయుర్వేదవైద్యుడే అట్లు చేయగా, సామాన్యులమగు మనకు సంకోచమెందులకు?

గురువాయూరు యాత్రకు పోవు భక్తులు వీలున్నచో కోట్టక్కల్‌లోని విశ్వంభరుని గూడ సేవించుకొనవచ్చును. అచట మూలికల వాసనయు, హారతి కర్పూరపు వాసనయు ఒక్కగాలిలో కలిసివచ్చును. తనకు దక్కిన అమృతమును తనకై దాచుకొనక, సీసాలలో నింపి లోకమునకు పంచిన యొక భాగవతుని జీవితము ఆ గాలిలో కలసియున్నది. మనకు తెలిసిన మంచిని మరుగుచేయక, అవసరములోనున్నవారికి వేళకు అందించు బుద్ధిని ధన్వంతరి భగవానుడు మనకందరకును ప్రసాదించుగాక.